మా ఆయన చేతికి నా చెప్పు ఇచ్చిన రోజు

మా ఆయన సింహాచలం నోట్లో నాలుక లేని మనిషి. టాటానగర్ లోకో షెడ్‌లో ఫిట్టరుగా రోజంతా ఇనుముతో కుస్తీ పట్టేవాడే గానీ, ఇంట్లో పాలమీదకొచ్చిన పిల్లిని అదిలించడానికి కూడా మొహమాటపడేవాడు. అలాంటి మనిషిని పర్సుడీహ్‌లో మా లైను ఇళ్లవాళ్లంతా ఒకచోట చేరి, కడుపుతో ఉన్న పెళ్లాన్ని చెప్పుతో కొట్టే దుర్మార్గుడివి నువ్వు అని నిలబెట్టి దులిపేశారు. ఆ ఘనకార్యానికి కారణం నేనే. అదే పూట మా అమ్మ పరువు, మా అత్త పరువు, వాటితోపాటు నేను చెమటోడ్చి సంపాదించుకున్న నా పరువు కూడా గూడ్సుబండి పెట్టెల్లా వరసగా పట్టాలు తప్పాయి. ఆ రోజు నేను ఏడ్చిన ఏడుపు చాలు గనక, మీరు మాత్రం మొహమాటపడకుండా నవ్వుకోండి.

ముందు మీకు నా కుడికాలి గొప్పతనం చెప్పాలి.

తల్లి కడుపులోంచి తల ముందు కాకుండా కాళ్లు ముందు పెట్టి బయటికొచ్చిన బిడ్డని ఎదురుకాళ్లతో పుట్టిందంటారు కదా. అలా పుట్టినవాళ్లు, నడుం పట్టేసినవాళ్ల నడుం మీద కాలితో మెల్లిగా తొక్కితే ఆ పట్టు వదిలిపోతుందని మనవాళ్ల నమ్మకం. నేను అలా పుట్టానన్న సంగతి నా పెళ్లి మాటలప్పుడు బయటపడింది. మా ఇచ్చాపురం దగ్గర పల్లెకి మా అత్త కాబోయే కోడల్ని చూసుకోవడానికి వచ్చింది. పిల్లకి చదువు లేదు, వంట అంతంతమాత్రం, రంగు ఎదురుగానే కనబడుతోంది. మా అత్త మొహంలో ఉత్సాహం తగ్గిపోవడం చూసి మా అమ్మ, "మా గుంట ఎదురుకాళ్లతో పుట్టినాదండీ వదినగారూ" అంది. అంతే! అప్పటిదాకా గోడకి చేరబడి నడుం నొక్కుకుంటున్న మా అత్త నిటారుగా కూర్చుంది. తాంబూలాలు ఆ పూటే మార్చుకున్నారు.

నేనూ ఆ సంగతి వినడం అదే మొదటిసారి. నా గురించి ఇంత గొప్ప విషయం ఇన్నేళ్లూ దాచిపెట్టిందేమిటా అని మా అమ్మ మీద లోపల్లోపల కోపం కూడా వచ్చింది.

పెళ్లయి టాటాకి వచ్చానా, నాకు హిందీ ఒక్క ముక్క రాదు. కుళాయి దగ్గర ఆడవాళ్లు బిహారీ మాటల్లో గలగలా నవ్వుకుంటుంటే నేను బిందె పట్టుకుని ఒక పక్కన రాయిలా నిలబడేదాన్ని. ఎవరైనా ఏదైనా అడిగితే "హా జీ" అనేదాన్ని. నీ బిందెలో నీళ్లు నేను పోసుకోనా అని అడిగినా అదే జవాబు. "బిచారీ గూంగీ హై" అని నన్ను చూసి జాలిపడేవారు. మూగదాన్నని దాని అర్థమట. నాకు అదీ తెలియక దానికీ "హా జీ" అన్నాను.

అలాంటి రోజుల్లో ఒక ఆదివారం పొద్దున్న మా అత్త వాకిట్లో చాప పరిచి బోర్లా పడుకుంది. "రాయే వరాలూ, తొక్కు" అంది. నేను వణుకుతూ కుడికాలు ఎత్తి నడుం మీద మెల్లిగా ఆనించాను. మా అత్త లేచింది, అటూ ఇటూ తిరిగింది, వంగి చాప తనే చుట్టింది. "పోనాది! ఓలమ్మో, నొప్పి పోనాదర్రా!" అని అరిచిన అరుపు లైను ఆ చివరిదాకా వినిపించింది.

ఇక చూడండి నా వైభవం! మా చుట్టుపక్కల ఉన్నవాళ్లంతా షెడ్‌లో బరువులు మోసే ఖలాసీలు, వాళ్ల ఆడవాళ్లు. నడుములు పట్టెయ్యడానికి కరువేముంది? ఆదివారం తెల్లారితే మా వాకిట్లో చాప మీద ఎవరో ఒకరు బోర్లా పడి ఉండేవారు. నేను స్నానం చేసి, కాలికి పసుపు రాసుకుని, కాలి పట్టీ తీసి పక్కన పెట్టి, గుడిలోంచి దేవుడు ఊరేగింపుకి బయల్దేరినంత నెమ్మదిగా వచ్చేదాన్ని. పెద్దవాళ్లని కాలితో తొక్కడం తప్పు కదా, తొక్కగానే వాళ్ల కాళ్లకి దండం పెట్టేదాన్ని. లైనుకి పెద్దదిక్కైన హెడ్ ఖలాసీ దాసు బాబాయి నా చేత తొక్కించుకున్నాడు. పక్కింటి చాచీ తొక్కించుకుని, పళ్లెంలో జిలేబీలు తెచ్చింది. మూగదాన్ని కాస్తా 'లాత్ వాలీ బహూ'నయ్యాను. తన్నే కోడలు అని అర్థం. అంత అందమైన బిరుదు ఇంకెవరికైనా వచ్చిందా?

నిజం చెబుతున్నాను, ఆ కాలిని నేలమీద పెట్టి నడవాలంటే నాకే మనసొప్పేది కాదు.

మరి అంత మహిమ గల మనిషికి, ఏడో నెల కడుపుతో ఉండగా, నడుం నొప్పి పట్టుకుంది.

మామూలు నొప్పి కాదు. కూర్చుంటే లేవనివ్వదు, లేస్తే కూర్చోనివ్వదు. కుళాయి దగ్గర బిందె ఎత్తితే నడుం మధ్యలో ఎవరో మేకు దిగ్గొట్టినట్టు ఉండేది. బొగ్గుపొయ్యి ముందు గొంతుక్కూర్చుని వంట ముగించేసరికి, గోడ పట్టుకుని పాకితేగానీ లేవలేకపోయేదాన్ని. ఎవరికైనా చెప్పుకోవచ్చు కదా అంటారా? అదెలా కుదురుతుందండీ! ఊరందరి నడుములూ బాగుచేసే దాని నడుమే పడిపోయిందని తెలిస్తే ఇంకెవరు నమ్ముతారు? ఆ కాలు తప్ప ఆ ఊళ్లో నాకంటూ ఏముంది? మళ్లీ కుళాయి దగ్గర బిందె పట్టుకుని మూగదానిలా నిలబడాలి. అది తల్చుకుంటే నడుం నొప్పికంటే ఎక్కువ భయమేసేది.

అందుకని దాచాను. నడుం మీద చెయ్యి పెట్టుకోకుండా నిలబడలేకపోతే, అదేదో నా నడకలో వయ్యారమన్నట్టు పెట్టుకున్నాను. వీపుకి రాసుకున్న బామ్ వాసన రాకుండా ఇంట్లో పొద్దునా సాయంత్రం సాంబ్రాణి వేశాను. మా అత్త, "కడుపుతో ఉన్నప్పుడు దీనికి భక్తి ముదిరిపోనాది" అని మురిసిపోయింది. ఒక ఆదివారం చాచీ నడుం మీద కాలు పెట్టబోయి, నొప్పికి తట్టుకోలేక చాచీకంటే ముందు నేనే "అమ్మోయ్!" అని అరిచాను. చాచీ అదిరిపడి తల తిప్పి చూసింది. నేను ఏమాత్రం తడుముకోకుండా, "ఆప్ కా దర్ద్ నికలా" అన్నాను. మీ నొప్పే నా నోటిగుండా బయటికి పోయిందని. చాచీ కళ్లనీళ్లు పెట్టుకుని నా చెయ్యి పట్టుకుంది. అప్పటికి నా హిందీ కూడా అబద్ధం చెప్పేంత బాగుపడిందన్నమాట.

మా ఆయన దగ్గర మాత్రం దాచలేకపోయాను. ఒకరోజు ఆయన డ్యూటీ నుంచి వచ్చేసరికి నేను గదిలో చాప మీద వెల్లకిలా పడి, కుడికాలు మడిచి నా నడుం కిందికి తోసుకోవాలని చూస్తున్నాను. మధ్యలో కడుపు అడ్డం. తిరగబడిన తాబేలులా అటూ లేవలేను, ఇటూ లేవలేను.

"ఏటే ఇది?" అన్నాడు గుమ్మంలో నిలబడిపోయి.

"నా కాలితో నా నడుం తొక్కుకుంతన్నాను మావా. అందడం లేదు."

ఆయన నన్ను లేవదీసి కూర్చోబెట్టాడు. నవ్వలేదు. నవ్వడం చేతకాక కాదు, నా కళ్లల్లో నీళ్లు చూశాడు.

"మరి ఎవులికైనా సూపిద్దామా? డాక్టరమ్మకి సెబుదామా?"

"సెబితే అత్తకి తెలుత్తాది. అత్తకి తెలిస్తే కుళాయికి తెలుత్తాది."

"పోనీ ఎదురుకాళ్లోలు ఇంకెవులైనా ఉన్నారేమో అడగనా? బిర్సానగర్‌లో ఒకామె ఉన్నాదంట, మా షెడ్‌లో అన్నారు."

"బిర్సానగరామె దగ్గరికి నానెల్తానా? నానే ఎల్లి ఆ యమ్మ కాలికింద పడుకుంటే, రేపట్నించి మనోలంతా అక్కడికే ఎల్తారు!"

ఆయన తల గోక్కున్నాడు. అప్పుడు నా బుర్రలో మెరిసింది ఆ ఆలోచన. మహిమ కాలిదే కదా. కాలు వీపుకి అందదు. కానీ ఆ కాలినే పగలూ రాత్రీ అంటిపెట్టుకుని తిరిగేది ఒకటుంది. దేవుడి పాదాలు అందకపోతే పాదుకలకి దండం పెట్టుకోవడం లేదూ?

"మావా, నా కుడికాలి జోడు తే."

"ఎందుకూ?"

"దాంతో నా నడుం తొక్కు."

మా ఆయన నన్ను చూసిన చూపు నాకింకా గుర్తుంది. "నాను... నిన్ను... జోడుతోటా?" అన్నాడు. "వద్దే. ఆడమనిసిని, అందులోనూ కడుపుతో ఉన్నదాన్ని. సేతులు పడిపోతాయి."

"కొట్టమన్నానేటి? ఆనించమన్నాను, అంతే."

"ఎవులైనా సూస్తే?"

"అత్త బజారుకెల్లినాది. ఎవులు సూత్తారు? కానీ ముందు ఒట్టెయ్యి. ఏటైనా సరే, నా నడుం సంగతి ఎవులికీ సెప్పనని నా కడుపులో బిడ్డ మీద ఒట్టెయ్యి."

ఆయన బిక్కమొహం వేసి, నా కడుపు మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. నేను చెప్పు కడిగి, తుడిచి, పసుపు రాసి ఆయన చేతిలో పెట్టాను. గదిలో బొగ్గుపొగ నిండి ఉక్కగా ఉందని వెనక తలుపు దగ్గర చాప వేసుకుని పక్కకి తిరిగి పడుకున్నాను. తలుపు ఓరగా తెరిచే ఉంది. దాన్ని మూసి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

ఆయన నా వెనక గొంతుక్కూర్చుని చెప్పుని నా నడుం మీద ఈగ వాలినట్టు ఆనించాడు.

"అలాగ కాదు మావా. నాను తొక్కినట్టు తొక్కాల. కాస్త ఎత్తి దించు."

"ఇలాగా?"

"ఇంకా ఎత్తు. సేతిలో బలం లేదేటి? షెడ్‌లో సుత్తి ఎలాగ పడతావు?"

పాపం, సుత్తి మాట ఎత్తేసరికి మా ఆయన చెయ్యి గట్టిగానే పైకి లేచింది. సరిగ్గా ఆ క్షణాన నా నడుం లోపల కలుక్కుమంది. చెప్పు నన్ను తాకనైనా లేదు. నేను మాత్రం "అమ్మా! సచ్చిపోనాను!" అని లైను దద్దరిల్లేలా అరిచాను.

తలుపు పూర్తిగా తెరుచుకుంది. చేతిలో కూర గిన్నెతో చాచీ! ఆమెకి కనబడింది ఏమిటంటే, చాప మీద ముడుచుకుని మూలుగుతున్న నిండు కడుపు ఆడది, వెనక చెప్పు ఎత్తి పట్టుకున్న మొగుడు.

"హాయ్ రామ్!" గిన్నె కింద పడింది. "సింహాచల్! పేట్ సే హై బహూ, ఔర్ తూ చప్పల్ సే మార్‌తా హై? షరమ్ నహీ ఆతీ?"

మా ఆయన నోరు తెరిచాడు. ఒట్టు గుర్తొచ్చింది. నోరు మూశాడు.

"బోల్! క్యో మారా?" కడుపుతో ఉన్నదాన్ని ఎందుకు కొట్టావో చెప్పమని నిలదీసింది.

"మారా నహీ చాచీ," అన్నాడు చెమటలు కక్కుతూ. "ఇలాజ్ కర్ రహా థా."

వైద్యం చేస్తున్నానన్నాడు. ఆ ఒక్క ముక్కతో చాచీ మరీ ఉగ్రరూపం ఎత్తింది. చెప్పుతో పెళ్లానికి బుద్ధొచ్చేలా వైద్యం చేస్తాడట, వినండర్రా అని వీధిలోకి వెళ్లి గొంతెత్తింది. క్షణంలో మా పెరడంతా జనం. ఇన్నాళ్లూ నా కాలికింద పడుకున్న నడుములన్నీ వరసగా నిలబడి మా ఆయన వైపు కళ్లెర్రజేసి చూస్తున్నాయి. దాసు బాబాయి అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు.

"ఒరే సింహాచలం, ఇదేట్రా! నీలాటి మెత్తనోడు సేసే పనేనా ఇది?"

మా ఆయన తలదించుకున్నాడు. అంత కంగారులో చెప్పు చేతిలోంచి వదిలెయ్యాలని కూడా తోచలేదు ఆయనకి.

"మాటాడవేట్రా? ఆ గుంట ఏటి తప్పు సేసినాది?"

ఆయన నా వైపు ఒక్కసారి చూశాడు. "నాదే తప్పు బాబాయ్" అన్నాడు.

నాకు గుండె కలుక్కుమంది. నడుం కాదు, ఈసారి గుండే. నా గొప్ప కోసం ఆ మనిషి నలుగురిలో చెయ్యని తప్పు ఒప్పుకుంటున్నాడు. రేపట్నించి షెడ్‌లో ఆయన మొహం ఎలా ఎత్తుకుంటాడు? కాలూ వద్దు, మహిమా వద్దు అనుకున్నాను. తలుపు రెక్క పట్టుకుని ఎలాగో లేచి నిలబడ్డాను.

"మా మావ నన్ను కొట్టలేదు!" అని అరిచాను. "నాకే నడుం నొప్పి. నెలరోజుల్నించీ సచ్చిపోతన్నాను. నా కాలు నా ఈపుకి అందదు, అందుకని నా కాలి జోడుతో తొక్కమన్నాను. ఎవులికీ సెప్పొద్దని ఒట్టేయించుకున్నాను. సాలా?"

హిందీలో కూడా చెప్పాను, ఏడుస్తూ, వచ్చిన ముక్కలన్నీ కలిపి. చెప్పి కళ్లు మూసుకున్నాను, ఇప్పుడు నవ్వుతారని.

ఎవరూ నవ్వలేదు. దాసు బాబాయి మా ఆయన చేతిలోని చెప్పు వంక తేరిపార చూశాడు.

"అదీ సంగతి!" అన్నాడు మెల్లిగా. "పసుపు కూడా రాసినారు సూడండర్రా. నిజమే కదేటి, ఆ కాలి బలం జోడుకీ అంటుకుంటాది."

తలలు ఊగాయి. చాచీ దగ్గరికొచ్చి, ఇంతసేపూ తిట్టిన నోటితోనే, ఆ చెప్పుని ఒకసారి చూడనిస్తారా అని వినయంగా అడిగింది. బహూ పురిటికి పుట్టింటికి వెళ్లినప్పుడు చప్పల్ ఇక్కడ ఉంచి వెళ్తే ఎలా ఉంటుందని వెనకనుంచి ఎవరో సలహా కూడా ఇచ్చారు. నా పరువు పోవడం మాట అటుంచండి, ఆ క్షణాన నా మహిమ నా చెప్పులదాకా వ్యాపించింది. ఏడుపు మధ్యలోనే నాకు కొంచెం గర్వం కూడా వచ్చింది.

అప్పుడు దిగింది మా అమ్మ.

సీమంతానికని మర్నాడో ఎల్లుండో రావలసిన మనిషి, ఎవరో తోడు దొరికారని ముందే బయల్దేరి, స్టేషన్ నుంచి రిక్షాలో నేరుగా వచ్చింది. నెత్తిమీద సారె మూట. జనాన్ని తోసుకుని పెరట్లోకి రాగానే ఆమెకి కనబడింది ఏడుస్తున్న కూతురు, చెప్పు పట్టుకున్న అల్లుడు, చుట్టూ పంచాయితీ. నెత్తిమీది మూట జారి అరిసెలు, చలిమిడి నేలపాలయ్యాయి.

"ఓలమ్మో! ఓలమ్మో! బాబూ, సింహాచలం! దాన్ని కొట్టకు నాయనా! దానికేటీ తెల్దు!"

"అమ్మా, అది కాదే..." అన్నాను.

"నువ్వుండే! ఏనాటికైనా బయటపడతాదని నాకు తెల్సు!" మా అమ్మ మా ఆయన ముందు చేతులు జోడించింది. "తప్పు నాది బాబూ! అది ఎదురుకాళ్లతో పుట్టనేదు! అందరి పిల్లల్లాగే తలకాయితోనే వొచ్చినాది! సంబంధం సెయ్యిజారిపోతాదని నానే అలగ అనీసినాను. కొడితే నన్ను కొట్టు!"

తెలుగు వచ్చినవాళ్ల కళ్లన్నీ నా కుడికాలి మీదకి దిగాయి.

"క్యా బోలీ?" అని చాచీ దాసు బాబాయి మోచెయ్యి పొడిచింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"బోల్తీ హై, బహూ సిర్ సే పైదా హుయీ."

"తో?"

"తో... లాత్ మే కుఛ్ నహీ హై."

కోడలు తలతోనే పుట్టిందట, కాలిలో ఏమీ లేదట. ఇంత ముఖ్యమైన సంగతి ఆయన అంత చిన్న ముక్కలో తేల్చేశాడు. చాచీ మా ఆయన చేతిలోంచి చెప్పు తీసుకుని, ఒకసారి చూసి, చప్పుడు కాకుండా కింద పెట్టేసింది.

ఆ జనం వెనకనుంచి ఇంకో గొంతు వినిపించింది. కూరల సంచీతో మా అత్త. ఎప్పుడు వచ్చిందో, ఎంత విన్నదో! అందరూ పక్కకి జరిగి దారిచ్చారు.

"అయితే వదినా," అంది మా అమ్మతో, చాలా నెమ్మదిగా. "పెల్లైనకాడ్నించీ నా కోడలు నన్ను ఉత్తినే తన్నీసినాదన్నమాట."

మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"వారం వారం! నడివాకిట్లో! అందరూ సూస్తుండగా! నాను బోర్లా పడుకుని మరీ తన్నించుకున్నాను. ఆ కాలికి నా సేత్తో గోరింటాకెట్టినాను! ఏ కోడలికైనా ఉంటాదా ఈ బాగ్గెం?"

జనం ఒక్కొక్కరే మెల్లిగా జారుకున్నారు. మా ఆయన మాత్రం నేలమీద పడిన అరిసెలు ఏరుతూ కూర్చున్నాడు. ఆ పూట మా ఇంట్లో ఏదో ఒక పని దొరికిన అదృష్టవంతుడు ఆయనొక్కడే.

ఆ వారమంతా మా ఇల్లు ఎలా ఉందో ఏం చెప్పమంటారు! ఒక మూల మా అమ్మ, ఒక మూల మా అత్త. ఒకళ్లతో ఒకళ్లకి మాటల్లేవు. "మీ అమ్మని అన్నానికి రమ్మను" అని మా అత్త నాతో, "మీ అత్తని ముందు తినమను" అని మా అమ్మ నాతో. ఇద్దరూ చేతికి అందేంత దూరంలోనే ఉండేవారు. మధ్యలో నేను. కానీ ఒక్క సుఖం, ఇక దాచవలసింది లేదు కదా, నొప్పి వచ్చినప్పుడల్లా నోరారా మూలిగాను. నెలరోజుల బాకీ అంతా తీర్చేసుకున్నాను.

మర్నాడు కుళాయి దగ్గరికి వెళ్లాలంటే ప్రాణం పోయినంత పనైంది. తలవంచుకుని బిందె కింద పెట్టాను. ఎవరు ఏమంటారో అని ఒళ్లంతా చెవులు చేసుకున్నాను. చాచీ వచ్చి నా చేతిలోంచి బిందె లాక్కుంది.

"ఇత్‌నే దిన్ బోలీ క్యో నహీ, పగలీ?" అంది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదే పిచ్చిదానా అని. తనకి పెద్దకొడుకు కడుపులో ఉన్నప్పుడు నడుం ఇలాగే విరిగిపోయిందట. బరువులెత్తకు, పక్కకి తిరిగి పడుకుని మోకాళ్ల మధ్య తలగడ పెట్టుకో, సాయంత్రం నాతో నాలుగడుగులు నడువు అని చెప్పింది. చెప్పి ఊరుకోకుండా బిందె మా ఇంటిదాకా మోసుకొచ్చి దింపింది. అక్కడున్న ఆడవాళ్లందరికీ తలో సలహా ఉంది. అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే నేను అందరికీ "హా జీ" అన్నాను, ఈసారి అర్థమయ్యే అన్నాను.

ఆస్పత్రిలో డాక్టరమ్మకి చూపిస్తే, బిడ్డ బాగుంది, ఏడో నెలలో నడుం నొప్పి చాలామందికి వస్తుంది, ఇంతకాలం నోరు మూసుకున్నందుకు నిన్నేమనాలి అని మెత్తగా చీవాట్లు పెట్టింది. మా ఆయన కుంగిపోయిన నులక మంచం మీద చెక్క పరిచాడు. మా అమ్మ వేణ్నీళ్లలో గుడ్డ ముంచి పిండి కాపడం పెట్టేది. మా అత్త నాతోనూ ముభావంగానే ఉంది గానీ, ఒకరోజు నేను లేచేసరికి బొగ్గుపొయ్యి కింద ఇటుకలు పేర్చి ఉన్నాయి, ముందు ఎత్తుపీట వేసి ఉంది. ఇక వంగక్కర్లేదు. ఎవరు పెట్టారని అడిగితే, "ఇటుకలు వాటంతట అవే వొచ్చీసినాయి" అంది మొహం తిప్పుకుని. నొప్పి పూర్తిగా పోలేదు. కానీ పట్టుకుని లేవడానికి గోడ వెతుక్కోవడం మానేశాను.

ఆదివారం వచ్చింది. అలవాటు కొద్దీ తెల్లారే స్నానం చేశాను. పసుపు గిన్నె ముట్టుకోలేదు. వాకిట్లో పీట మీద కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఎందుకొస్తారు? ఖాళీ వాకిలి చూస్తే దుఃఖం ముంచుకొచ్చింది. మోసం నేను చెయ్యలేదు, అయినా సిగ్గు నాకే. అంతమంది మీద ఏ అర్హతా లేకుండా కాలు పెట్టాను కదా అని కుమిలిపోతున్నాను.

అంతలో దాసు బాబాయి వచ్చాడు. మనిషి రెండుగా మడతపడి ఉన్నాడు, చేత్తో గోడ పట్టుకుంటూ.

"అమ్మీ, బేగి సాపెయ్యి. నిన్న షెడ్‌లో రాడ్డు ఎత్తినాను, పట్టీసినాది."

"బాబాయ్, నాను తలకాయితోనే పుట్టినాను. నువ్వూ విన్నావు కదా."

"విన్నాను."

"మరి?"

"నాను విన్నానే. నా నడుం విననేదు. నువ్వు దానికి సెప్పకు."

చాప ఆయనే పరుచుకుని బోర్లా పడుకున్నాడు. నేను పీట మీద కూర్చునే కాలు చాపి, వేళ్లతో మెల్లిగా తొక్కాను. ఏమనుకుంటూ తొక్కానో మీకు నిజం చెబుతాను. తగ్గాలి భగవంతుడా, పాపం ముసలాయన అనుకున్నాను. అంతకుముందు ఏనాడూ అలా అనుకోలేదు, నా కాలు అనే అనుకున్నాను. ఆయన మూలుగుతూ లేచాడు, అటూ ఇటూ ఊగి చూసుకున్నాడు. "ఆ. పరవానేదు" అన్నాడు.

ఆయన లేచీ లేవకముందే ఎవరో వచ్చి చాప మీద దబ్బున పడుకున్నారు. చూస్తే మా అత్త!

"అత్తా! నీకు కోపం పోనాదేటి?"

"కోపం కోపమే, నడుం నడుమే. పీట మీంచి పడిపోకుండా గోడ పట్టుకుని తొక్కు."

తొక్కాను. మా అత్త లేచి, కొంగు దులుపుకుని, ఎవరివంకా చూడకుండా లోపలికి పోబోయింది. గుమ్మంలో మా అమ్మ అడ్డంగా నిలబడి ఉంది. నేల చూపులు చూస్తోంది, బొటనవేలితో గచ్చు గీస్తోంది.

"ఏటి వదినా?" అంది మా అత్త. వారం తర్వాత ఆ ఇద్దరి మధ్య అదే మొదటి మాట.

"ఏటీ లేదు వదినా," అంది మా అమ్మ గొణుగుతూ. "రైల్లో అంత దూరం కూకుని వొచ్చినానా... అప్పట్నించీ నా నడుం కూడా... మీదైపోనాదా? ఓపాలి నానూ పడుకుందునా?"

నేను నోరు వెళ్లబెట్టాను. "అమ్మా! అబద్ధమాడింది నువ్వే కదే!"

"ఆడినాను," అంది మా అమ్మ చాప మీద పడుకుంటూ. "అయినా ఇంతమందికి తగ్గినాది కదే గుంటా. నాకొక్కదానికీ తగ్గదేటి?"

ముందు పకపకా నవ్వింది మా అత్త. ఆ తర్వాత లైనంతా నవ్వింది. నేను గోడ పట్టుకుని, కడుపు పట్టుకుని, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వి, మా అమ్మ నడుం తొక్కాను.

ఆ చాప సాక్షిగా, ఆ ముగ్గురి నడుముల సాక్షిగా ఆ రోజు నేనొక ఘోరమైన ప్రతిజ్ఞ చేశాను. ఇక ఈ జన్మలో నాకెప్పుడు ఎక్కడ నొప్పి వచ్చినా స్టేషన్‌దాకా వినబడేలా కేకపెడతాను గానీ, నా చెప్పు తీసి మా ఆయన చేతికి మాత్రం ఇవ్వను. మా ఆయన కూడా ఒక ప్రతిజ్ఞ చేశాడు, అది నాదానికంటే గట్టిది. ఈ రోజుకీ నా చెప్పులు గుమ్మానికి అడ్డంగా పడి ఉంటే, ముందు నాలుగు దిక్కులా చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకున్నాకే వాటిని కాలితో పక్కకి జరుపుతాడు.